తరమణి రోడ్డులో ఇన్ని బోర్డులు, లోపల పొద్దస్తమానం ఏం చేస్తా ఉంటారు?

పలమనేరు_తరమణి రాశారు:

అందరికీ నమస్తే. పోస్టు పొడుగైంది, తిట్టుకోకుండా చదవండి.

మాది పలమనేరు దగ్గర పల్లె. చెన్నైకొచ్చి 12 ఏళ్ళు, ఆఫీసు టైడల్ పార్కు దగ్గర, ఇల్లు తరమణిలోనే. డాక్టరు షుగర్ బార్డర్లో ఉందన్నప్పట్నుంచి రాత్రి తిన్నాక నడుస్తా ఉంటా, నడుస్తా నడుస్తా బోర్డులు చదవడం అలవాటైపోయింది. ఒకచోట మ్యాట్‌సైన్స్, అంటే లెక్కలోళ్ళు. ఇంకో రోడ్డులో స్వామినాథన్ ఫౌండేషన్, వరి, మడ అడవులు, ఆ లోకం. రోజా ముత్తయ్య లైబ్రరీ అని పాత తమిళ పుస్తకాలు. ప్రపంచ తమిళ పరిశోధన సంస్థ. ఒక సర్కారు ల్యాబులో అయితే టవర్లూ బ్రిడ్జిలూ ఎంత ఊపితే విరుగుతాయో చూస్తారంట. సినిమా ఇన్‌స్టిట్యూటు, జర్నలిజం కాలేజీ సరేసరి. అన్నీ నా రాత్రి నడకలోనే. ఇన్నేళ్ళలో ఒక్క గేటు కూడా దాటి లోపలికి పోలేదు.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే మా అక్క కూతురు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, మార్కులు బాగానే వచ్చినాయి, సెలవులకని మా ఇంటికొచ్చింది. మా ఇంట్లో పనికొచ్చే ఆమెది విజయనగరం వైపు. ఒకరోజు "ఆనపకాయ తెచ్చానమ్మా" అనింది. మా పిల్ల అనపకాయలనుకునింది. మా వైపు అనపకాయలంటే గింజలు ఒలుచుకునే కాయలు కదా, ఆ గింజలు నానబెట్టి పితికితే పితికిపప్పు, దాంతో పులుసు, సంక్రాంతికి అది లేకపోతే పండగే కాదు. తీరా సంచి తీస్తే లోపల ఇంత పొడుగు సొరకాయ! ఆ రోజంతా నవ్వుకున్నాం. మేమైతే నవ్వి మర్చిపోయినాం, ఆ పిల్ల మాత్రం నోటుబుక్కు పట్టుకునింది. అపార్ట్‌మెంట్లో తెలుగోళ్ళ ఇళ్ళన్నీ తిరిగి ఏ ఊరోళ్ళు దేన్ని ఏమంటారో రాసుకొచ్చి, దాన్నంతా ఎక్సెల్లో ఎక్కించి, మాట, ఊరు, చెప్పినోళ్ళ వయసు అని కాలమ్‌లు పెట్టి, ఇప్పుడు "మామా, నాకు లెక్కలూ కావాల, మాటలూ కావాల, రెండూ చదివే చోటు యాడుందో చెప్పు" అంటా ఉంది. మా బావ ఫోన్లో ఒకటే మాట, "లెక్కలొచ్చిన పిల్ల సీఎస్‌ఈ చెయ్యాల. మాటలు ఎవురైనా మాట్లాడతారు."

నా ప్రశ్న కాలేజీల గురించి ఒక్కటే కాదు. పరిశోధన అంటే వాళ్ళు పొద్దున తొమ్మిదికి పోయి సాయంత్రం దాకా చేతులతో చేసే పని ఏంది? సైన్సోళ్ళది వేరే, ఆర్ట్సోళ్ళది వేరేనా? లోపలుండే వాళ్ళు, ఉండి బయటికొచ్చిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. బావకి చెప్పుకోడానికి నాలుగు ముక్కలు కావాల.

తాటాకు_అక్క రాశారు:

తమ్ముడూ, ముందు ఆ పిల్లని నోటుబుక్కు పారేయొద్దని చెప్పు, మిగతాది తర్వాత.

నేను మద్రాసులోనే తెలుగు ఎంఫిల్ చేశాను. మా పని ఎక్కువగా ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో. అప్పట్లో చేపాక్ యూనివర్సిటీ ఆవరణలో ఉండేది, ఇప్పుడు కొట్టూర్‌పురంలో అణ్ణా లైబ్రరీ బిల్డింగులోకి మార్చారు. కంపెనీ కాలంలో మెకంజీ దొర, బ్రౌన్ దొర పోగుచేసిన పాత రాతప్రతులు అక్కడే ఉన్నాయి. చేతులతో చేసే పని అడిగావు కదా, చెప్తా విను. తాటాకు మీద సిరా ఉండదు. ఘంటంతో గీరిన గీతలే, ఖాళీ ఆకులా కనిపిస్తుంది. మసి, నిమ్మగడ్డి నూనె కలిపి రుద్దితే మసి ఆ గీతల్లోకి దిగి అక్షరాలు పైకి తేలతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు. తేలాక అసలు కష్టం మొదలు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, పాదం ఎక్కడ ఆగిందో తెలీదు, చెదలు తిన్నచోట కంత.

నాకిచ్చింది ఒక శతకం, నాలుగు రాతప్రతులు. నాలుగూ పక్కపక్కన పెట్టుకుని పద్యం పద్యం పోల్చడం, ఏ ప్రతిలో ఏ మాట ఉందో కాగితం మీద ఎక్కించడం. అంతే పని. మూడు నెలలు అదే. కానీ అందులో ఒక కిటుకు ఉంది, నువ్వు సాఫ్ట్‌వేర్ కాబట్టి నీకు ఇట్టే అర్థమవుతుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జోడీ కుదరాలి. చంపకమాలకి 21, పదకొండో దగ్గర యతి. పాదం పాదానికీ రెండో అక్షరం ప్రాస, అంటే అన్నిట్లోనూ అదే హల్లు రావాలి. రాసేవాడు నిద్రమత్తులో ఒక మాట మార్చాడనుకో, ఎక్కడో ఒకచోట యతో ప్రాసో గణమో విరుగుతుంది, మనకి దొరికిపోతాడు. మీరు ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూడ్డానికి చెక్‌సమ్ అంటారే, మన ఛందస్సు వెయ్యేళ్ళ నుంచీ ఆ పనే చేస్తోంది.

ఇంకోటి. రెండు ప్రతుల్లో ఒప్పు ఒకేలా ఉంటే దాంట్లో ఏం లేదు, తప్పు ఒకేలా ఉందంటే మాత్రం ఆ రెండూ ఒక తల్లి పిల్లలే, ఏదో ఒక పాత తప్పుడు ప్రతి నుంచి దిగినవే. ఇలా ప్రతులకి వంశవృక్షం గీస్తాం. జీవశాస్త్రం వాళ్ళు డీఎన్ఏలో మార్పులు చూసి జంతువులకి గీసేదీ ఇలాంటి వృక్షమే. చాసర్ అని పాత ఇంగ్లీషు కవి ఉన్నాడు కదా, ఆయన రాతప్రతులకి 1998లో ఆ జీవశాస్త్రం ప్రోగ్రాములే వాడి వంశవృక్షం గీశారు, నేచర్ పత్రికలో వచ్చింది. మా గురువుగారు అది చూసి "మన పని వాళ్ళకిప్పటికి తెలిసిందా" అని నవ్వారు. మీ బావగారికి అది చెప్పండి, నేచర్ అంటే కొంచెం దిగొస్తారేమో 😀

గొడవలు కూడా ఏమీ తక్కువుండవు. మానవల్లి రామకృష్ణకవి గారు నన్నెచోడుడి కుమారసంభవం బయటికి తీసి 1909లో అచ్చేశారు, ఈ కవి నన్నయ కంటే ముందువాడన్నారు. వందేళ్ళు దాటినా కాదనేవాళ్ళు కాదంటూనే ఉన్నారు.

కందిరీగ_యశ్వంతపూర్ రాశారు:

అక్కగారి పోస్టు చదివాక మాది కూడా అదే ఉద్యోగం అనిపించిందండి, ఆకుల బదులు పురుగులు అంతే.

మాది భీమవరం. బెంగళూరులో సైన్స్ ఇన్‌స్టిట్యూట్లో రాఘవేంద్ర గదగ్‌కర్ గారని ఉన్నారండి, కందిరీగల మీద దశాబ్దాల తరబడి పనిచేసిన మనిషి. రోపలీడియా మార్జినేటా అని, మన ఇళ్ళ సన్‌షేడ్ కింద కాగితంలాంటి గూడు కడతాయే, ఆ జాతి. ఆ రకం పని నేను ఏడాదిన్నర చేశాను. మొదటి నెల ఏం చేశానో చెప్పనా? ప్రతి కందిరీగకీ రంగు చుక్క పెట్టడం. సన్న పుల్లతో వీపు మీద ఒకదానికి ఎర్ర చుక్క, ఇంకోదానికి పసుపు, నీలం, రంగులు అయిపోతే రెండు చుక్కలు. అప్పుడే కదా ఎవరు ఎవరో తెలిసేది. చేతి మీద నాలుగుసార్లు కుట్టాయి, మా ఆవిడ పసుపు రాసి అడిగింది, దీనికా నువ్వు ఎమ్మెస్సీ చదివింది అని.

చుక్కలయ్యాక గూడు ముందు స్టూలు వేసుకుని కూర్చోవడమే. ఎవరు తిండి తెచ్చింది, ఎవరు ఎవర్ని తోసింది, ఎవరు గుడ్డు పెట్టింది, గంటలు గంటలు రాసుకోవడం. ఇందులో రాణి ఎవరో చూసి చెప్పలేమండి. పెద్దగా ఉండదు, ఎవర్నీ కొట్టదు, ఒక మూల నెమ్మదిగా ఉంటుంది. ఆ రాణిని పట్టుకెళ్ళి పక్కన పెట్టారనుకోండి, కాసేపటికే కూలీల్లో ఒకతి లేస్తుంది, లేచి అందర్నీ ఎడాపెడా తోసేస్తుంది, కొరికేస్తుంది, అప్పటిదాకా నోట్లో నాలుక లేనట్టున్నదే. కొన్ని రోజులకి గుడ్లు మొదలెడుతుంది, గుడ్లు మొదలయ్యాక మళ్ళీ చల్లబడిపోతుంది, అదే కొత్త రాణి. రాణి ఉండగా తర్వాతి రాణి ఎవరో మనం కనిపెట్టలేం, వాటికి మాత్రం తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే రెండో ఆవిడ పోటీకి రాదు.

ఈ పనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదండి. రంగు, పెన్ను, ఓపిక. మీ మేనకోడలు ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది చూశారా, మా దగ్గర చేరినవాళ్ళకి ముందు నేర్పేది ఆ రాసుకోవడమే. చెప్పినవాళ్ళ వయసు కూడా కాలమ్ పెట్టిందంటే నాకు ముచ్చటేసింది, మా కొత్త పిల్లలకి అది చెప్తేగానీ తోచదు.

ఈఎంఐ_బాధితుడు రాశారు:

అందరూ మంచిగనే చెప్తున్నరు గానీ పైసల ముచ్చట ఎవరూ తియ్యరేంది. నేను తీస్తా, తిట్టుకోండ్రి.

మా ఆవిడ హిస్టరీ పీహెచ్‌డీ. ఏడేండ్లు పట్టింది. యూనివర్సిటీ పేరు చెప్ప, ఒక సంతకం కోసం ఆర్నెల్లు తిరిగింది, ఫెలోషిప్ పైసలు నెలనెలా రానేరావు, వస్తే ఒక్కసారి వస్తయి, అప్పటిదాంక ఇల్లు నా జీతం మీదనే. ఇప్పుడు వైట్‌ఫీల్డులో ఒక ఆన్‌లైన్ పాఠాల కంపెనీల కంటెంట్ రాస్తది. పీహెచ్‌డీ సర్టిఫికెట్ బీరువాల ఉన్నది.

లెక్క చెప్తా. జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేటోల్లకు సర్కారిచ్చే ఫెలోషిప్, అది కొడితే నెలకు 37 వేలు, రెండేండ్లయినంక ఎస్‌ఆర్‌ఎఫ్ 42 వేలు, 2023 జనవరి నుంచి ఇదే రేటు, హెచ్‌ఆర్‌ఏ వేరే. తెలుగుల చేసినా ఫిజిక్సుల చేసినా ఇంతే. అంటే కందిరీగకైనా తాటాకుకైనా సర్కారు దృష్టిల రేటు ఒక్కటే, అది మాత్రం న్యాయమే. తేడా తర్వాత వస్తది. సైన్సోడు పోస్ట్‌డాక్ అని, పీహెచ్‌డీ అయినంక చేసే పరిశోధన నౌకరికి బయటిదేశం పోతడు, లేకుంటే కంపెనీల జేరుతడు. హిస్టరీ, తెలుగు చేసినోల్లకు ఉన్నవి లెక్చరర్ పోస్టులు, అవి ఎప్పుడు పడ్తయో దేవునికి తెల్వాలె. మీ బావ మాట కటువుగనే ఉన్నది గానీ పిచ్చిది గాదు.

అట్లని మా ఆవిడ బాధపడ్తుందా అంటే లేదు, అదే నాకు సమజ్ కాదు. ఎక్కడికి పోయినా గుడి బయట రాయి కనవడితె అక్కడ్నే కూసుంటది. మొన్న హెబ్బాళ్ దిక్కు పోతే 750 నాటి వీరగల్లు ఇక్కడ దొరికిందని, కిట్టయ్య అనేటోడు ఊరి కోసం కొట్లాడి సచ్చిండని రాసున్నదని అరగంట చెప్పింది. బెంగళూర్ల ఇట్లాంటి శాసనాలు వెతికి 3డి స్కానింగ్ చేసేటోల్లల్ల ఇంజనీర్లు ఉన్నరంట, మిథిక్ సొసైటీ తరఫున చేస్తరు. అంటే నౌకరి చేసుకుంట కూడ చెయ్యొచ్చు. పోరిని ముందు నౌకరి చూస్కోమనుండ్రి, నోటుబుక్ ఏడికీ పోదు.

పలమనేరు_తరమణి రాశారు:

ఈఎంఐ అన్నా, నీ పోస్టు బావకి ఫార్వర్డ్ చేస్తే నా పని అయిపోతుంది, అందుకే చెయ్యలేదు 😅 కానీ నువ్వు చెప్పింది నిజమే, నేనూ అదే లెక్క వేసుకుంటా ఉన్నా.

కందిరీగ గారూ, మీ పోస్టు మా పిల్లకి చదివి వినిపించినా. వెంటనే బాల్కనీలోకి పోయి పైకి చూసింది గూడు ఉందేమోనని. ఉంది. ఇప్పుడు మా ఆవిడ నన్ను తిడతా ఉంది.

లెక్కలమాస్టారు_అడయారు రాశారు:

బాబూ, నేను రిటైరైన మనిషిని, స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి, ఫోన్లో టైపు చేస్తున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. మీ బావగారి మాటకి నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు పేరు సి.ఆర్.రావు గారు.

తెలుగాయన, 1920లో హడగలిలో పుట్టారు, ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చేసి కలకత్తా వెళ్ళారు, 1945లో ఆయన రాసిన పేపర్లోదే క్రామర్-రావు అని, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే, ఇవాళ ప్రపంచమంతా చదువుకునే సూత్రం. సరే ఇదందరికీ తెలుసు. ఆ మరుసటేడు ఆయన్ని కేంబ్రిడ్జి పంపింది దేనికో తెలుసా? అక్కడ ఆంత్రోపాలజీ మ్యూజియంలో సూడాన్ దేశం జెబెల్ మోయా అనే చోట తవ్వి తెచ్చిన ఎముకలున్నాయి, పాత సమాధుల్లోవి. ఆ మనుషులు ఎవరికి దగ్గర, ఎవరికి దూరం అని కొలిచి చెప్పాలి. పుర్రె పొడవు, వెడల్పు, దవడ, ఇలా ఒక్కో మనిషికీ బోలెడు కొలతలు, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవి. పొడుగు పుర్రెకి వెడల్పూ ఎక్కువుంటుంది కదా, అప్పుడు ఒకే తేడాని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. ఆ ముడి విప్పి అసలు దూరం ఎంతో చెప్పే పద్ధతి మహలనోబిస్ గారు 1936లో ఇచ్చారు, ఆయన చదివింది ఫిజిక్సు, మనుషుల కొలతల మీద పనిచేస్తూ దీనిదాకా వచ్చారు. మీ ఆఫీసులో మోసపు లావాదేవీలు పట్టుకునే పిల్లల్ని అడగండి, మహలనోబిస్ డిస్టెన్స్ అంటే ఠక్కున చెప్తారు. అది పుర్రెల లెక్కల్లోంచి వచ్చిందని మాత్రం చాలామందికి తెలీదు. రావుగారు పగలు మ్యూజియంలో ఎముకలు చూస్తూనే స్టాటిస్టిక్స్‌లో మహా పెద్దాయన ఫిషర్ దగ్గర 1948కల్లా డాక్టరేటు కూడా పూర్తిచేశారు. ఇది ఆర్ట్సా, సైన్సా, మీరే చెప్పండి.

ఇక మీ తరమణి సంగతి. మీరు రాత్రుళ్ళు దాటిపోయే ఆ రెండు గేట్లు, మ్యాట్‌సైన్సూ రోజా ముత్తయ్య లైబ్రరీ, ఆ రెంటికీ ఒక కథ ఉంది. ఐరావతం మహదేవన్ గారని ఐఏఎస్ ఆఫీసరు, సింధు నాగరికత ముద్రల మీద గుర్తులన్నీ జాబితా కట్టి 1977లో అచ్చేశారు, 417 గుర్తులు. ఏ గుర్తు పక్కన ఏది వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అంతా ఉంటుంది. దానికి కంప్యూటర్ వాడారు, ఆ రోజుల్లో. తర్వాత రోజా ముత్తయ్య లైబ్రరీలోనే సింధు పరిశోధన కేంద్రం నడిపారు. 2009లో ఆయనా, మ్యాట్‌సైన్స్‌లో ఒక ఫిజిక్స్ మనిషీ, బొంబాయి వాళ్ళూ, అమెరికాలో కంప్యూటర్ ప్రొఫెసర్ రాజేశ్ రావూ కలిసి సైన్స్ పత్రికలో ఒక పేపరు వేశారు.

విషయం చిన్నదే. 'మామి' అని రాసి ఆపితే తర్వాత 'డి' అని మీరే చెప్తారు. 'కా' అని ఆపితే? కాలు, కాకి, కాఫీ, కాసేపు, చాలా ఉంటాయి కానీ ఏదిపడితే అది రాదు. అదే పేకముక్కలు కలిపి ఒక్కోటి తీస్తే తర్వాతి ముక్క ఏదో బ్రహ్మకి కూడా తెలీదు. భాష ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, పూర్తిగా కట్టేసినట్టూ ఉండదు, పూర్తిగా వదిలేసినట్టూ ఉండదు. దాన్ని లెక్కలో కొలవొచ్చు. సింధు గుర్తుల్ని కొలిచి, పక్కన పాత తమిళం, ఋగ్వేద సంస్కృతం, సుమేరియన్, ఇంగ్లీషు, కంప్యూటర్ ప్రోగ్రాము, డీఎన్ఏ పెట్టి చూశారు. సింధు గుర్తులు భాషల గుంపులో పడ్డాయి. అయితే అది భాష అని తేలిపోయినట్టేనా అంటే కాదు, అసలవి రాతే కాదని 2004లోనే వాదించినవాళ్ళున్నారు, ఈ కొలత ఒక్కటే చాలదని మళ్ళీ లేచారు. సగటున ఒక ముద్ర మీద ఐదు గుర్తులే మరి, ఎంతని లాగుతాం.

ఇప్పుడు చదువు. లెక్కలు గట్టిగా ఉంటే సిరుశేరిలో సీఎంఐ, అంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సొంత ఎంట్రన్స్ పెడతారు. బెంగళూరు ఐఎస్ఐలో, అంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్లో, బీమ్యాథ్ ఉంది. సైన్సు చదువుకి తిరుపతి ఐసర్ అనే కేంద్ర సంస్థ 2015లో వచ్చింది, మీ ఊరికి దగ్గర. కానీ ఆ పిల్ల మాటలు కూడా అంటోంది కాబట్టి ముందు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో డ్యూయల్ డిగ్రీ చూడండి, కంప్యూటర్ సైన్స్ బీటెక్, దానితో కలిపి కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో, అంటే భాషని కంప్యూటర్‌తో పరిశీలించే చదువులో, రీసెర్చ్ ఎంఎస్. వేరే ఎంట్రన్స్ ఉంటుంది. మీ బావగారికి మొదటి సగం మాత్రం చదివి వినిపించండి.

కరణి_మైలాపూర్ రాశారు:

మాస్టారూ చివరి లైను కేక 😂

నేను మెకానికల్ ఇంజనీరుని, పదేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నా, కాబట్టి నా వైపు నుంచి ఒకటి. మామూలు తోలు డప్పు కొడితే శ్రుతి ఉండదు, ఉత్త చప్పుడే, ఎందుకంటే గుండ్రటి తోలు లేపే స్వరాలు ఒకదానికొకటి పొసగవు. మృదంగానికి శ్రుతి ఎలా వచ్చిందో 1920లో సి.వి.రామన్, శివకాళి కుమార్ అని ఇంకొకాయన కలిసి నేచర్‌లో రాశారు. మధ్యలో నల్లగా ఉండే కరణి, దాని బరువే కారణం, అది మధ్యలో బరువుగా ఉండబట్టి పై స్వరాలు ఒకటి, రెండు, మూడు రెట్లుగా వరసలోకి వస్తాయి, తీగ వాయిద్యాల్లోలాగా. నోబెల్ వచ్చింది వేరే పనికి, అది పదేళ్ళ తర్వాత.

నేను చెప్పాలనుకుంది అది కాదు. మా మృదంగం బాగుచేసే ఆయన దగ్గర ఒక పూట కూర్చున్నా. కిట్టం రాయి పొడి, ఉడికిన అన్నం కలిపి ముద్ద చేస్తాడు, చిటికెడు తీసి తోలు మీద పెట్టి గుండ్రాయితో రుద్దుతాడు, ఆరేదాకా రుద్దుతాడు, మళ్ళీ చిటికెడు. పొర మీద పొర. మధ్యమధ్యలో వేలితో కొట్టి చెవి పెట్టి వింటాడు. ఒకచోట "ఇక్కడ నోరు మూసుకుంది" అన్నాడు తమిళంలో, నాకేం వినబడలేదు, ఇంకో రెండు పొరలు వేశాక "ఇప్పుడు విను" అన్నాడు, నిజంగానే మోగింది. రామన్ పేపరుకి వందల ఏళ్ళ ముందే ఈ పొరల లెక్క వాళ్ళ చేతుల్లో ఉంది. దీన్ని ఏ డిపార్ట్‌మెంట్లో వేస్తారు? ఎవరి పేరు మీద? ఆయనకి స్కూటరు ఈఎంఐ ఉంది, పీహెచ్‌డీ లేదు.

తాటాకు_అక్క రాశారు:

కరణి గారు నొక్కాల్సిన చోట నొక్కారు. మా పక్కనా అదే కథ. 1816లో ఎల్లిస్ దొర తమిళం, తెలుగు, కన్నడం ఒకే కుటుంబమనీ, సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ మాటలు పక్కపక్కన పెట్టి చూపించాడు, ఇక్కడే, ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ రోజుల్లో. ద్రావిడ భాషల వ్యాకరణమని అందరూ చెప్పుకునే కాల్డ్‌వెల్ పుస్తకం కంటే 40 ఏళ్ళ ముందు. అందులో తెలుగు ధాతువుల జాబితా వెనక ఉన్నది ఆ కాలేజీలో తెలుగు పండితుడు పట్టాభిరామశాస్త్రి. ఎల్లిస్ పేరే చాలామందికి తెలీదు, ఇక శాస్త్రిగారిని ఎవరు తలుస్తారు.

తమ్ముడూ, మీ మేనకోడలికి ఒక పుస్తకం పేరు చెప్పు. మాండలిక వృత్తి పదకోశం, భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేయించింది. మొదటి సంపుటం 1962, మొత్తం వ్యవసాయం. జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి రైతుల్నే అడిగి రాసుకొచ్చారు, నాగలికి మేడిని ఏమంటారు, కాడిని ఏమంటారు, కర్రుని ఏమంటారు అని. తర్వాత 1971లో చేనేతది వచ్చింది. ఆ నాగళ్ళు ఇప్పుడు ఎన్ని ఊళ్ళలో ఉన్నాయి? ట్రాక్టరుకి మేడి ఉండదు కదా. అప్పుడు రాసుకోకపోతే ఆ మాటలు మనకి ఇప్పుడు అడిగినా దొరకవు. ఈఎంఐ గారూ, నోటుబుక్కు ఎక్కడికీ పోదన్నారు, నిజమే, చెప్పేవాళ్ళే పోతారు.

ఈఎంఐ_బాధితుడు రాశారు:

అక్కా, మా ఆవిడకు మీ పోస్ట్ చూపెట్టిన. చదివి ఏమనలే, లేచి పోయి వాళ్ళమ్మకు ఫోన్ జేసింది. గంట మాట్లాడింది, మగ్గం సామాన్ల పేర్లు రాసుకుంటున్నది. వాళ్ళది పద్మశాలి ఇల్లు.

పలమనేరు_తరమణి రాశారు:

అప్‌డేట్. శనివారం మా పిల్లని తీసుకుని కొట్టూర్‌పురం పోయినా, అణ్ణా లైబ్రరీ చూపిద్దామని. అంత పెద్ద బిల్డింగని అనుకోలేదు. తాటాకులు ఎవరికి పడితే వాళ్ళకి చూపించరు కదా, అడిగే ధైర్యం నాకూ రాలేదు, పుస్తకాల వైపే తిరిగినాం.

ఆదివారం బావకి ఫోన్ చేసినా. మాస్టారు చెప్పినట్టే "బీటెక్ కంప్యూటర్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ" అన్నా. బావ ఒక్క నిముషం ఆగి "దాంతో కలిపి ఇంకోటేందో ఉందంట కదా" అన్నాడు. మా అక్క ముందే చెప్పేసింది! సరే దొరికిపోయినా అనుకునేలోపల "యాంట్రెన్సుకు రాయమను, రానీ చూద్దాం" అన్నాడు. తర్వాత ఫోన్ కూతురికి ఇమ్మని, మా తాత కపిల తోలే కాలంలో, అంటే ఎద్దులతో బావి నీళ్ళు తోడే కాలంలో, వాడిన మాటలు ఒక ఆరేడు చెప్పినాడంట. కపిల బాన, మోటు, ఇంకా ఏవో. పక్కన "నాన్న, 52, పలమనేరు" అని రాసుకునింది.

మా పిల్ల అడగమనింది: సొరకాయని మీ ఊర్లో ఏమంటారు, అనపకాయ అంటే మీకేంది? ఊరి పేరు కూడా రాయండి, వయసు ఇష్టమైతేనే.

కందిరీగ_యశ్వంతపూర్ రాశారు:

భీమవరం. ఆనపకాయ అన్నా సొరకాయ అన్నా ఒకటేనండి, మా అమ్మ ఆనపకాయ అంటుంది, మా ఆవిడ సొరకాయ అంటుంది. గింజల సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. 38.

ఈఎంఐ_బాధితుడు రాశారు:

కరీంనగర్ దిక్కు. అమ్మమ్మ ఆనిగెపుకాయ అనేది, మేం సోరకాయ అంటం. వయసు ఎందుకు తియ్.

తాటాకు_అక్క రాశారు:

తెనాలి. సొరకాయ. ఆనపకాయ అంటే అర్థమవుతుంది కానీ ఇంట్లో అనం. 51. పితికిపప్పు పులుసు ఎలా చేస్తారో కూడా రాయమను, ఆ గింజలు మైలాపూర్ మార్కెట్లో చూసి ఏం చెయ్యాలో తెలీక వదిలేశాను.